తోడు పేరు

"రామప్పా? ఛైర్మను రామప్పా?"

నాగేశ్వరయ్య ఆర్డరు కాగితాన్ని బల్లమీద పెట్టి అరచేత్తో ఒక్కటిచ్చాడు. టీ గ్లాసు ఎగిరిపడింది. ఎమ్మెల్యేగారి పి.ఏ. గంగాధర్ దాన్ని నిదానంగా పక్కకు జరుపుకున్నాడు. పొద్దున్నుంచీ ఆ బల్లకు తగిలిన దెబ్బల్లో ఇది నాలుగోదో ఐదోదో.

"అరవద్దన్నా. సారు లోపలే ఉండాడు."

"విననీ. ఇరవై ఏండ్లు అంగడి మూసి మీటింగులకు తిరిగినా. ఈ ఎండల్లో జెండా మోసినా. గుట్టమీది నరసింహస్వామి గుడికి ఛైర్మన్ నువ్వేనని ఉగాదినాడు సారే నోటితో చెప్పె. ఇప్పుడేమో ఇదా?"

చెప్పాడు, నిజమే. ఆ మాట పట్టుకుని నాగేశ్వరయ్య భార్య లలితమ్మ ఊరంతా చాటింపు వేసినంత పని చేసింది. ప్రమాణస్వీకారానికని ధర్మవరం నుంచి పట్టుపంచె కూడా తెప్పించింది. పంచెనైతే పెట్టెలో దాచొచ్చు, ఊరి నోటికి మూత ఎక్కడ దొరుకుతుంది? ఇందాక బస్సెక్కుతుంటే ఒకడు "ఏమప్పా ఛైర్మనూ, బస్సులో పోతాండావే" అని పళ్లికిలించాడు. కడుపు మండిపోయింది పాపం.

"నామీద ఎగిరితే ఏమొస్తుందన్నా. ఒక్కో పోస్టుకు మూడు పేర్లు రావాలని రూలు. మీ ఊరి పేర్లు మూడూ రాసిచ్చింది నువ్వే. అందులోనించే ఒకటి తీసుకున్నాం" అన్నాడు గంగాధర్.

మూడు పేర్లంటే ముగ్గురు మనుషులని ఎవరైనా అనుకుంటారా? పదవి కావలసినవాడు పైన తన పేరు రాసుకుంటాడు, కింద రెండు తోడు పేర్లు తగిలిస్తాడు. అవి ఎంత పనికిమాలినవైతే అంత క్షేమం. పొరపాటున బతికున్నవాడి పేరు రాస్తే వాడికి ఆశ పుట్టదూ? అందుకే నాగేశ్వరయ్య తెలివిగా రెండో పేరు లలితమ్మది రాశాడు. మూడోది నేతపని రామప్పది. రామప్ప పోయి మూడేళ్లయింది. దినాలకు సరుకులు నాగేశ్వరయ్య అంగడి నుంచే వెళ్లాయి.

ఆ ముక్క చెప్పేస్తే ఆర్డరు చిరిగిపోతుంది. కానీ చచ్చినవాడి పేరు రాసిన ఘనుడెవరని అడిగితే? నాగేశ్వరయ్య మాట మార్చాడు.

"నా పేరెందుకు కొట్టేసినారు? అది చెప్పు ముందు."

గంగాధర్ ఫైలు తెరిచాడు. "మీ ఊర్లోవాళ్లకు ఫోన్లు చేసి అడిగినాం. నీ పైన పదకొండు ఫిర్యాదులు. విత్తనం శెనక్కాయల్లో మట్టి కలుపుతావని, తూకం తగ్గిస్తావని, నోరు మంచిది కాదని..."

"సరే, సరే. నా ఇంటామె?"

"ఆయమ్మ పైన పన్నెండు."

"అది ఎవరినేమన్నదప్పా?"

"పదకొండూ నీవే. పన్నెండోది, నీ పెండ్లామని."

నాగేశ్వరయ్య పళ్లు నూరాడు. "మరి రామప్ప పైన?"

"ఒక్కటి లేదు. అడిగినోళ్లంతా బంగారట్ల మనిషి అన్నారు. ఒకామె ఆ పేరు వింటానే ఏడ్చేసింది. ఏ గ్రూపులోనూ లేడు, ఎవరితోనూ తగాదా లేదు. పదవి కావాలని ఒక్క దినమన్నా ఈ గడప తొక్కినోడు కాదు. ఆ మాటకే సారు కరిగిపోయినాడు. ఇట్లాంటోళ్లు ఈ కాలంలో యాడుండారు గంగాధరా అని సంతకం పెట్టేసినాడు."

నాగేశ్వరయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది. పరువు పోతే పోయింది, పదవి దక్కితే చాలు.

"యాడుండాడో నేను చెప్తా. మా ఊరి శెనక్కాయ చేన్ల పక్కన, మట్టిలో ఉండాడు. ఆయప్ప చచ్చిపోయి మూడేండ్లాయ."

గంగాధర్ ఫైలు మూసేశాడు. "నిజమా అన్నా?" అన్నాడు.

"నామీద నమ్మకం లేకుంటే కొడుకు మారుతిని అడుగు. ధర్మవరంలో మగ్గం నేస్తాడు. గుంతలో మొదటి పిడికెడు మన్నేసింది వాడే. రాసుకో, నంబరు చెప్తా."

నాగేశ్వరయ్య తన ఫోన్లోంచి ఒక్కో అంకె చదివాడు. ఎక్కడ తప్పు పడుతుందోనని రెండుసార్లు చదివాడు. గంగాధర్ వరండాలోకి పోయి మారుతితో మాట్లాడాడు. మాట్లాడి, అటునుంచి అటే ఎమ్మెల్యేగారి గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు.

నాగేశ్వరయ్యకు ప్రాణం లేచొచ్చింది. ఇక మిగిలింది తనూ, లలితమ్మ. పన్నెండు కంటే పదకొండు తక్కువే కదా. చొక్కా సర్దుకుని, ఊళ్లోకి ఏ కారులో దిగితే బాగుంటుందా అని ఆలోచించాడు. బస్సులో పళ్లికిలించినవాడి ఇంటిముందే ఆపించాలని తీర్మానించుకున్నాడు.

పావుగంటకు గంగాధర్ బయటికొచ్చాడు. పొద్దున్నుంచీ లేని నవ్వు ఇప్పుడు అతని ముఖంలో ఉంది.

"సారు నీకు శానా థ్యాంక్స్ చెప్పమన్నాడన్నా. నువ్వు చెప్పకుంటే ప్రమాణస్వీకారం నాడు అందరి ముందర తల తీసేసినట్లయ్యేది."

"అదేముందిలేప్పా. అయితే ఆర్డరు రద్దే కదా?"

"సంతకం పెట్టినాక రద్దు చేస్తే ఊరూరా నవ్వుతారన్నా" అంటూ గంగాధర్ కొత్త కాగితం బల్లమీద పెట్టాడు. "అందుకే సారు బాగా ఆలోచన చేసి, కారుణ్య నియామకం కింద ఆ పదవి రామప్ప కొడుక్కిచ్చినాడు."