చెవులున్న చేప

"చేపకి చెవులేంటి మామ్మగారూ?" అంది సర్వే అమ్మాయి, కిటికీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని.

"చేసినాయన్ని అడగాలి. వడ్రంగి కదా, చేపని నీళ్ళలో చూసింది తక్కువ, కంచంలో చూసింది ఎక్కువ. కంచంలోకి వచ్చేసరికి దానికి తల ఉండదు" అంది మామ్మ, బెండకాయలు తరుగుతూ.

కిటికీకి ఉన్న చెక్కగడియ పిడి అది. చేప ఆకారం, దానికి రెండు చిన్న చెవులు.

ఆ అమ్మాయి తీరం పొడవునా పాత కట్టడాలు చూసుకుంటూ వస్తోంది. లైట్‌హౌసు అయింది, ఉప్పు గోదాములు అయ్యాయి, పైకప్పు లేని రేవు కచేరీ కూడా అయింది. ఇప్పుడు ఇళ్ళ వంతు. గుల్లసున్నం గోడల్ని అరచేత్తో నిమిరి మురిసిపోతోంది. ఆ గోడల్ని అంత ప్రేమగా ముట్టుకున్నవాళ్ళని మామ్మ ఇంతవరకు చూడలేదు. కూతురైతే చీరకి సున్నం అంటుతుందని ఎడంగానే నడుస్తుంది.

ఇల్లు పెద్ద తుఫానుకి ముందుదా, తర్వాతదా అని అడిగింది సర్వే అమ్మాయి. ఆ తీరంలో పెళ్ళిళ్ళకైనా, పుట్టుకలకైనా, గోడలకైనా అందరూ చెప్పే లెక్క అదొక్కటే. ముందుదేనంది మామ్మ. తాను కాపురానికి వచ్చిన కొత్తలో మొగుడు స్వయంగా చేసి బిగించిన కిటికీ అని కూడా చెప్పింది.

మామ్మకి కావలసింది ఆ కిటికీ ఒక్కటే. వీధిలో అందరూ సముద్రం వైపు కిటికీల్ని ఏనాడో ఇటుకలతో మూసేశారు. ఉప్పుగాలికి ఇంట్లో ఇనుమన్నది మిగలదు. కూతురి కుట్టుమిషను పోయింది, ఫ్రిజ్జు పోయింది, ఇక తుప్పు పట్టాల్సింది నేనే అని అల్లుడు అన్నాడు కూడా. రేపు పొద్దున్న దీన్నీ మూసేయడానికి మేస్త్రీ వస్తున్నాడు. పాత కట్టడాల జాబితాకెక్కితే తప్ప కిటికీ దక్కదు. అందుకే సర్వే అమ్మాయికి అడక్కుండానే రెండోసారి టీ వచ్చింది.

చిక్కల్లా ఒకటే. సర్వేవాళ్ళ లెక్కలో ఒక్కచోట కనిపిస్తే వింత, రెండుచోట్ల కనిపిస్తే శైలి. వింతలకి జాబితాలో చోటు లేదు.

గడియ మరీ ఇంత కిందికి ఎందుకు పెట్టారో సర్వే అమ్మాయికి అర్థం కాలేదు. అమ్మ పొట్టి కదా, నాన్న ఎత్తుకి పెడితే పీట ఎక్కాల్సి వచ్చేదట అని కూతురు చెప్పింది.

"నన్ను గోడకి నిలబెట్టి, మోచేతి దగ్గర సుద్దతో గీత గీశాడు" అంది మామ్మ. "ఎదిగితే మారుస్తానన్నాడు. ఎదగలేదు."

సర్వే అమ్మాయి చేప మీద వేలు పెట్టి రుద్దింది. ఇన్నేళ్ళదైనా ఎక్కడా అరగలేదు, నిన్న చేసినట్టుంది అంది.

"వేస్తే కదా అరగడానికి" అంది కూతురు. "వానొచ్చినా, గాలొచ్చినా గడియ వేయనివ్వదు. గాలాడాలట ఆవిడకి." ఆ మాట అనేసి, ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది. మామ్మ ఇంకో బెండకాయ అందుకుంది.

సర్వే అమ్మాయి నవ్వుతూ ఫోను తీసింది. మామ్మ అదృష్టం బాగుందట. ఏటికి అవతల ఉన్న ఊళ్ళో ఇలాంటిదే ఇంకొకటి దొరికిందట. ఫొటోలో అదే చేప, అవే చెవులు. రోజూ వేసి తీసి, చేప పొట్ట నున్నగా మెరుస్తోంది.

మామ్మ ఫోనుని దగ్గరగా పెట్టుకుని ఒకసారి, దూరంగా పెట్టుకుని ఒకసారి చూసింది. ముఖం విప్పారింది.

"ఆయన చేతి పనే. ఈ చెవులు ఇంకెవరు పెడతారు? పనికని ఊళ్ళమ్మట తిరిగేవాడు. అక్కడా ఒకటి తగిలించి ఉంటాడు."

సర్వే అమ్మాయి ఒప్పుకోలేదు. ఇది ఒక్క మనిషి పని కాదు, ఈ తీరం శైలే అని ఆమె పట్టు.

"మీరు పొట్టిగా ఉన్నారని కిందికి పెట్టారు, సరే. అక్కడి ఇంటావిడ తాటిచెట్టంత ఉంది మామ్మగారూ. రోజూ నడుం వంచి వేస్తోంది. పైకి మార్చమంటే ఇంటాయన ఒప్పుకోడట. గడియ అంటే ఆ ఎత్తులోనే ఉండాలంటాడట. శైలి కాకపోతే మరేంటి?"

మామ్మ చేతిలో కత్తి ఆగింది. "ఆ ఇల్లు ఎప్పటిది తల్లీ?"

"మీదాని కంటే కొత్తది. పెద్ద తుఫాను తర్వాత కట్టింది."

"తర్వాతా?"

"తర్వాతే. ముందువి ఆ ఊళ్ళో ఒక్కటీ మిగల్లేదు. ఇంటాయనే కిటికీతో సహా అంతా తన చేతుల్తో చేసుకున్నాడట."

ఇంక బెంగ అక్కర్లేదని, రెండు దొరికాయి కాబట్టి కిటికీ దక్కినట్టేనని చెప్పి, సర్వే అమ్మాయి టేపు చుట్టుకుని వెళ్ళిపోయింది.

కూతురు చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "మొత్తానికి నీ పంతమే నెగ్గింది. మేస్త్రీని రావద్దని చెప్పేదా?"

"రమ్మను" అంది మామ్మ.

కూతురు సరిగ్గా వినలేదేమో అనుకుని మళ్ళీ అడిగింది. మామ్మ బెండకాయల పళ్ళెం పక్కన పెట్టి లేచింది. కిటికీ రెక్కలు రెండూ దగ్గరికి లాగింది. ఎన్నడూ వేయని గడియ కాస్త మొరాయించింది. మోచేత్తో నెట్టింది. సరిగ్గా మోచేతి ఎత్తులోనే ఉంది.

మామ్మ మొగుడు ఎక్కిన పడవతో సహా మునిగిపోయాడని ఊరంతా అనుకున్నది ఆ పెద్ద తుఫానులోనే.