పదకొండు మంది, ఒకే దస్తూరి

"ఇది మీవాడు రాసిందేనా?"

ఎర్లిండా చాచిన కాగితం వంక బెలెన్ చూడనైనా లేదు. నురగ చేతులతో దుప్పటి పిండుతూనే ఉంది.

"మా జోమార్ పేరే ఉందిగా, మేడమ్."

"పేరుంది. దస్తూరి వాడిది కాదు. ఈ రెండోది రోడెల్ కూతురి కాగితం, చూడు. అన్నిట్లోనూ తొమ్మిదికి తోక ఒకేలా వంకర తిరిగింది. ఈ ఏటి ఒడ్డున పదకొండు మంది నా దగ్గర చదువుతున్నారు. పదకొండు మందికీ ఒకటే చెయ్యి మొలిచిందా?"

ఆ ఆరో తరగతి పిల్లల్లో ఒక్కరి ముఖం కూడా ఎర్లిండా చూసి ఎరగదు. కరోనాకి బడి మూతపడ్డాక బదిలీ మీద ఈ ద్వీపానికి వచ్చింది. ప్రతి శుక్రవారం ఇంటి పెద్దలు గేటు దగ్గరికి వచ్చి పాఠాల కట్ట పట్టుకెళ్తారు, పోయిన వారానిది రాయించి తెచ్చిస్తారు. అంతే సంబంధం. ఆ కట్టలు జిరాక్సు తీసి, పిన్నులు కొట్టి, ఆమె వేళ్ళు కాయలు కాశాయి. అంత చాకిరీనీ ఎవరో కూర్చుని గీకి పడేస్తున్నారంటే ఒళ్ళు మండిపోతోంది.

బెలెన్ దుప్పటి బకెట్లో పడేసి లేచింది.

"ఇంట్లోనే నేర్పమని మీరే చెప్పారు. బల్ల వెయ్యమన్నారు, వేశాం. పక్కన కూర్చోమన్నారు, కూర్చున్నాను. నేను చదివింది నాలుగు. వాడి భిన్నాలు నాకేం తెలుస్తాయి? మూడిళ్ళ బట్టలుతికొచ్చి, పొయ్యి వెలిగించి, అప్పుడు టీచర్ని కూడా అవ్వాలా?"

"రాకపోతే ఖాళీగా వదిలెయ్. దొంగ రాతలెందుకు?"

"ఖాళీగా తెచ్చినప్పుడు గేటు దగ్గర నలుగురిలో నన్నేమన్నారో గుర్తుందా? ‘పిల్లాణ్ణి కన్నారు గానీ కూర్చోబెట్టడం చేతకాదు’ అన్నారు."

ఎర్లిండా ముఖానికి అడ్డంగా ఉన్న ప్లాస్టిక్ తొడుగు ఊపిరికి మసకబారింది. విసురుగా తిరిగి ఒడ్డు వెంట నడిచింది.

రోడెల్ పడవకి తారు పూస్తున్నాడు. అతన్ని మర్యాదగా అడిగే ఓపిక ఆమెకి లేదు.

"ఎవరు రాసిస్తున్నారో చెప్పు. చెప్పకపోతే పదకొండు మందికీ సున్నాలే."

రోడెల్ కుంచె పక్కన పెట్టాడు. "ఎవరికీ చెప్పొద్దని మా పిల్ల చేత ఒట్టు వేయించుకుంది, మేడమ్."

"సరే, సున్నా."

"వెదురు వంతెన అవతల, చివరిల్లు." అతను తల దించుకునే చెప్పాడు. "దాన్నేం అనకండి. ఏమీ తీసుకోదు. ఎండుచేపలు పంపిస్తే వెనక్కి పంపేసింది. కట్ట మాత్రం మూడు రోజులు తన దగ్గరే ఉంచాలంటుంది."

"ఊరికే చేస్తోందా? ఊరికే పదకొండు మందిని పాడు చేస్తోందా?"

పై తరగతుల పిల్ల అయి ఉంటుందని ఎర్లిండా అనుకుంది. ఆ జవాబులు ఆరో తరగతివి కావు. లెక్క చెయ్యడమే కాదు, కొన్ని చోట్ల ప్రశ్నలోనే తప్పుందని పక్కన రాసి మరీ చేసింది. ఆ పొగరు తలుచుకుంటూ వంతెన దాటింది.

చివరింటి గుమ్మంలోంచి ఓ బక్కపిల్ల కనిపించింది. చాప మీద పడుకున్న ముసలామెకి గంజి తాగిస్తోంది. ఎర్లిండాని చూసి గబగబా మూతికి గుడ్డ కట్టుకుంది. బోర్లించిన చేపల పెట్టె మీద మూడు కట్టలు తెరిచి ఉన్నాయి. గోడ మీద బొగ్గుతో గళ్ళు గీసి ఉన్నాయి: సోమవారం లెక్కలు, మంగళవారం సైన్సు.

"నువ్వేనా అందరికీ రాసిపెట్టేది?"

"నేనే, మేడమ్."

"పదకొండు మంది చదువు దొంగిలించావు. తెలుస్తోందా నీకు?"

"జోమార్‌కి భిన్నాలొచ్చు. నేనే నేర్పాను. రాయడానికే వాడికి బద్ధకం." ఆ పిల్ల గొంతులో బెరుకు లేదు. "ముందు నేను చదువుకుంటాను. నా పుస్తకంలో ఎక్కించుకుంటాను. తర్వాత వాళ్ళకి రాసిస్తాను. లేకపోతే కట్ట ఇవ్వరు."

"వాళ్ళవెందుకు? నీ కట్ట ఏది?"

"నాకివ్వలేదు."

"ఇవ్వకపోవడమేంటి? ప్రతి పిల్లకీ ఇస్తున్నాం."

"పెద్దవాళ్ళొస్తేనే ఇస్తారట. గార్డు నాలుగు శుక్రవారాలు నన్ను గేటు దగ్గర్నుంచే తరిమేశాడు. అమ్మ కువైట్‌లో ఉండిపోయింది. విమానాల్లేవు. అమ్మమ్మేమో లేవలేదు. చీటీ రాసి గార్డుకిచ్చాను, టీచర్‌కివ్వమని. ఎవరూ రాలేదు."

ఎర్లిండా పెట్టె మీది నోటుపుస్తకం తీసింది. తొలి పేజీ నుంచి చివరి అట్ట దాకా ఖాళీ లేదు. అట్ట లోపలి వైపు కూడా రాసేసింది. పొద్దుట్నుంచీ రగులుతున్న కోపం అలాగే ఉంది గానీ, ఇప్పుడది ఈ పిల్ల మీద లేదు.

"నాలుగు వారాలు ఓ పిల్ల కట్ట తీసుకోకపోతే, ఎందుకు రాలేదని ఒక్కసారి వచ్చి చూడలేదా మీ టీచర్? ఇంత దూరం నడవడానికి కాళ్ళు నొప్పా? అదీ ఓ టీచరేనా?"

ఆ పిల్ల గంజి గిన్నె కింద పెట్టింది.

"భయపడకు. ఇవాళే హెడ్మాస్టర్ దగ్గర కూర్చుంటాను. ఆవిణ్ణి వదిలిపెట్టను. నీ పేరు చెప్పు, మీ టీచర్ పేరు చెప్పు."

ఆ పిల్ల ఆమె కళ్ళలోకి చూసింది. అడిగినవాటిలో మొదటిదే చెప్పింది.

"రియలిన్ గుమబాన్."

ఆరో తరగతి రిజిస్టర్లో ఆ పేరు పక్కన ‘చదువు మీద ఆసక్తి లేదు’ అని రాసి, పేరు కొట్టేసింది ఎర్లిండాయే.