చెరువులో దొరికిన ఇంజను

చెరువులోంచి పైకి తీసిన యుద్ధవిమానం తన తండ్రిదేనని రికార్డుల గదిలో ఆమె తేల్చేసింది. ఇంజను మీది నంబరూ పాత ఫైల్లోని నంబరూ ఒక్కటే. ఆమె తల్లి కడుపులో ఉండగానే ఆయన ఆ విమానంతో సహా మాయమైపోయాడు.

ఎదురుగా మేనమామ కూర్చున్నాడు. తండ్రితో కలిసి విమానాలు నడిపినవాడు, ఆ తర్వాత పెళ్లి మాటే ఎత్తకుండా ఆమెను పెంచినవాడు.

"నాన్నదే మావయ్యా," అంది.

"ఇంకేం రాశారమ్మా?"

ఆమె పేజీ తిప్పి పైకి చదివింది. ఆ ఇంజను మొదట వేరే విమానంలోది. గాల్లో ఆగిపోతోందని, దాంతో తాను ఎగరనని ఆ పైలట్ రాసిచ్చాడు. దాన్ని విప్పి, బాగుచేసి, తండ్రి విమానానికి బిగించారు.

కింద పైలట్ సంతకం ఉంది. చిన్నప్పటి తన ప్రోగ్రెస్ కార్డులన్నిటి మీదా ఉన్న సంతకం.

ఆమె ఫైలు మూసేసింది.

"ఆ పైలట్ ఎవరో తెలిసిందా?"

"లేదు మావయ్యా. సంతకం చెరిగిపోయింది."

ఆయన మూసిన ఫైలు మీద చెయ్యి పెట్టాడు.

"అది చెరిగేది కాదమ్మా," అన్నాడు. "ఎక్కబోతూ బావ నన్నే అడిగాడు, ఇంజను ఎలా ఉందిరా అని. బాగుచేశారటలే, ఎక్కు బావా, అన్నాను."