నిల్మిణితో నా మొదటి మాట

ఇరుగుపొరుగు దేశాలు కలిసి పెట్టిన మా విశ్వవిద్యాలయానికి భవనాల్లేవు. నాకు జోడీగా ఇచ్చిన నిల్మిణి రోజూ శ్రీలంక నుంచి, కనిపించడమే తప్ప చేతికి తగలని వెలుగుబొమ్మగా మా వంటింట్లోకి వస్తుంది. జోడీతో మాట్లాడని వాళ్లకి సీటు ఉండదు. ఇవాళే ఆఖరు రోజు. నాకేమో సిగ్గు.

"చెవిలో పూస భాష మార్చిపెడుతుంది గానీ, నోరు నువ్వే తెరవాలి కదే!" అంది నాయనమ్మ, ఆవకాయ కలుపుతూ.

నేను తల వంచుకుని ఆవపిండి అందించాను.

అప్పుడే అక్కడ వాళ్లింట్లో అంట్లు కడిగి వచ్చిన నిల్మిణి, ఆ ఎరుపు చూసి ముచ్చటపడి జాడీలోకి చెయ్యి చాపింది. వేళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"తడి చెయ్యి పెట్టకు! బూజు పడుతుంది!" అని అరిచేశాను.

అది వెలుగు చెయ్యేనని తర్వాత గుర్తొచ్చింది. నాయనమ్మ పడీపడీ నవ్వింది. నిల్మిణి మాత్రం గబగబా గౌనుకి చెయ్యి తుడుచుకుని, "ఇప్పుడు పెట్టనా?" అంది.