మిల్లులో నేర్చిన మాట

ఇంట్లో మాట్లాడే ప్రతి మాటనూ ఇప్పుడు గోడలు రాసి, సాయంత్రానికి ఇంటి యజమానికి, అంటే చాలా ఇళ్ళలో మొగుడికి, పంపుతాయి. అందుకే గృహహింస పరిశోధన కోసం, వంటింటి సర్వే పేరు పెట్టి, తెర మీద నేను పలకరించిన నలభై మంది ఆడవాళ్ళూ "బాగానే ఉన్నామండీ" అన్నారు.

కుసుమలత కూడా అదే అంది. కానీ ఆ తర్వాత బెండకాయలు తరుగుతూ, గొంతు లేకుండా పెదాలు కదిపింది. నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు.

వెనక చిక్కుళ్ళు ఒలుస్తున్న మా అత్తయ్య సింహాద్రమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. ఆవిడ ముప్పై ఏళ్ళు జూట్ మిల్లులో మగ్గం నడిపింది. ఆ హోరులో కార్మికులు పెదాలు చూసే మాట్లాడుకునేవారు.

నేను పైకి "నెలకు నూనె ఎంత వాడతారు?" అంటూ సర్వే సాగించాను. కుసుమలత పైకి జవాబిస్తూనే, మధ్యమధ్యలో అత్తయ్యతో పెదాలతో మాట్లాడింది. ఒకసారి రవిక చెయ్యి పైకి లాగి చూపించింది.

తెర ఆరిపోయింది. మా గోడల రాత నాకే వస్తుంది గనుక అత్తయ్య నోరు విప్పింది.

"రాసుకో అమ్మీ. మొగుడు రెండుసార్లు చెయ్యి ఇరగ్గొట్టేడంట. బుధోరం ఆడు డూటీకెల్లాక బండి పంపమంది."

"అంత బాగా ఎలా తెలిసిందత్తయ్యా?"

"మేస్త్రీ పక్కనే నిలబడుంటే ఆణ్ణే తిట్టుకునేవోళ్ళం. ఇదెంత!"

బుధవారం కుసుమలత బండెక్కింది. నివేదికలో 'ఇంటర్వ్యూ చేసినవారు' అన్నచోట నా పేరు కొట్టేసి అత్తయ్య పేరు రాశాను. అర్హత గడిలో 'జూట్ మిల్లు, ముప్పై ఏళ్ళు' అని నింపాను.