కర్రిగాడి మెట్టు

వాగుకి ఇవతల ఒక గొర్రెల మంద, అవతల ఒక మంద. పొట్టేళ్ళు ఏడాదంతా తమ మందలోనే ఢీకొనేవారు, అప్పుడప్పుడూ వాగు దాటి అవతలివాళ్ళతోనూ తలపడేవారు. వానలు వెలిశాక తాబేలు తాత బలాబలాలు తేల్చి, ఒక్కొక్కణ్ణీ ఒడ్డున రాతిమెట్ల మీద నిలబెట్టేవాడు.

ఆ ఏడు ఇవతలి కర్రిగాడు ఒక్క పోరూ ఓడలేదు. అయినా సగం పోరులు ఓడిన అవతలి బొల్లిగాడికే పైమెట్టు దక్కింది. కర్రిగాడికి ఒళ్ళు మండిపోయింది.

"ఓడినవాడు నాకంటే పైనా తాతా? ఇదెక్కడి న్యాయం?"

"గెలుపులు ఎవడైనా లెక్కపెడతాడురా. ఎవరి మీద గెలిచావో నేను చూస్తాను. బొల్లిగాణ్ణి ఓడించినవాళ్ళు మహా గట్టివాళ్ళు. మరి నువ్వు ఓడించినవాళ్ళో?"

కర్రిగాడు గొప్పగా కొమ్ములు ఎగరేశాడు. "మావాళ్ళా? ఒట్టి చవటలు! నేను తల వంచితే చాలు, తోక ముడుస్తారు."

"అంత చవటలా? నాకింతవరకూ తెలీదు. అయితే ఇంకో మెట్టు దిగు."

మరుసటి ఏడు కర్రిగాడి చేతిలో ఓడినవాళ్ళంతా వాగు దాటి పోరుకి వెళ్ళారు. వాళ్ళు గెలిస్తేనే తన మెట్టు పెరుగుతుంది. కర్రిగాడు పొదచాటున పళ్ళు నూరుతూనే, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఇంకొకడి గెలుపు కోసం దేవుడికి మొక్కుకున్నాడు.

దేవుడు ఆలకించాడు. కర్రిగాడు బొల్లిగాడి పైమెట్టు ఎక్కాడు.

అక్కణ్ణుంచి కిందికి చూస్తే, మంద మందంతా వాగు దాటి గెలిచొచ్చినవాళ్ళ చుట్టూ చేరి గంతులేస్తోంది. మెట్టయితే ఎక్కాడు గానీ, వాడి కడుపుమంట మాత్రం దిగలేదు.