వంగిన రెక్క

2025 ఫిబ్రవరి 9, ఆదివారం ఉదయం. ధరూర్ శివారులో, పత్తికట్టె పీకేసిన భీమన్న చేను. హాజరైనవారు నలుగురు: గద్వాలలో గడియారాలు బాగుచేసే యాకూబ్, ఆయన భార్య కుబ్రా బేగం, కూతురు ముబషిరా, సాక్షిగా చేను యజమాని భీమన్న.

కుబ్రా బేగం చేతిసంచిలో ఒక కాగితం ఉంది. దాని ప్రకారం దుకాణం ఇకమీదట ముబషిరాది. యాకూబ్ పనిముట్లు ముట్టడు. సంతకాలే తరువాయి.

పందెం వేసింది యాకూబే. రిమోట్‌తో నడిచే తన థర్మోకోల్ విమానాన్ని ఎగరేసి, చెక్కుచెదరకుండా దించితే కాగితం చింపెయ్యాలి. కూలితే సంతకం.

"చెయ్యి వణికెటోనికి ఇమానమెందుకు సేటూ? పతంగి సాలదా?" అన్నాడు భీమన్న.

"పతంగికి దారం తెగుతది. దీనికి దారమే లేదు," అన్నాడు యాకూబ్.

వణుకు నిరుడు మొదలైంది. వనపర్తి నుంచి సుహాసిని అనే టీచరు చనిపోయిన తండ్రి గడియారం పట్టుకొచ్చింది. వెంట్రుకంత సన్నని స్ప్రింగు యాకూబ్ పట్టకారు కింద పుటుక్కున తెగింది. ఆమె ఒక్క మాటా అనలేదు. గడియారాన్ని రుమాల్లో చుట్టుకుని వెళ్లిపోయింది. అనకపోవడమే కుబ్రా బేగానికి తట్టుకోరానిదయింది. కాగితం రాయించింది.

విమానమూ మాట వినడం మానేసింది. కొత్తకోట హైవే పక్కన ఎగరేస్తే గడ్డి లారీ మీద దిగి, దర్జాగా బెంగళూరు దిక్కు సాగిపోయింది. టోల్‌గేటు దాకా మోటారుసైకిల్ మీద తరిమి పట్టుకున్నాడు. మరోసారి భీమన్న బర్రె వీపు మీద వాలింది. "రెండు దినాలు పాలియ్యలే నా బర్రె," అని భీమన్న ఇప్పటికీ దెప్పుతాడు.

ఈ మధ్య ముబషిరా దాన్ని విప్పి లోపల రిమోట్ సంకేతాలు అందుకునే భాగం మార్చింది. అప్పటినుంచి కూలలేదు. దుకాణంలో మరలు మాత్రం యాకూబ్ వేళ్ల నుంచి జారిపడుతూనే ఉన్నాయి.

కూతురికి ఎగరేయడం నేర్పింది ఆయనే. విమానం మన వైపు తిరిగి వచ్చేటప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. చిన్నతనంలో ముబషిరా ఆ చిక్కులో పడి విమానాన్ని నేరుగా తల్లి మీదికే తోలింది. కుబ్రా బేగం చెప్పులు వదిలేసి చేనంతా పరుగెత్తింది. తండ్రి నవ్వీ నవ్వీ కూర్చుండిపోయాడు. తర్వాత చెప్పాడు.

"కుడి, ఎడమ మర్చిపో బేటీ. పందిరి ఒరిగితే ఏం జేస్తం? ఒరిగిన దిక్కు గుంజ పెడ్తం. గిదీ గంతే. ఏ రెక్క వంగితే ఆ దిక్కు రిమోట్ పుల్ల జరుపు."

ఇవాళ యాకూబ్ ఇంట్లో అందరికంటే ముందు లేచాడు. రిమోట్ ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

చేనులో నిలబడి రిమోట్‌ను ఛాతికి ఆనించి పట్టుకున్నాడు. ముబషిరా ఆయన భుజం వెనకాలే నిలుచుంది. చలిగా ఉందంటూ చేతులు బుర్ఖా లోపలే ఉంచుకుంది.

యాకూబ్ పుల్లను అటూ ఇటూ జరిపి చూశాడు. విమానం తోక కదిలింది, ఒక్క రెప్పపాటు ఆగి. ఆయన ఆ తోకనే చూస్తూ ఉండిపోయాడు.

"ఏమైంది అబ్బాజాన్?"

"ఏం కాలే. మంచిగనే ఉంది."

భీమన్న విమానాన్ని చేత్తో విసిరాడు. "పో బిడ్డా! నా బర్రె జోలికి మాత్రం పోకు!"

విమానం లేచింది. చేను దాటింది, కాలువ గట్టు దాటింది, వెడల్పుగా మలుపు తీసుకుని వెనక్కి తిరిగింది. కుబ్రా బేగం పెదవులు దువా చదువుతున్నాయి. ఏం కోరుకుంటున్నదో ఆమెకే తెలియదు.

సరిగ్గా దిగబోయే వేళ కృష్ణా నది వైపు నుంచి గాలి కొట్టింది. ఎడమ రెక్క ఒక్కసారిగా వంగింది.

"యా అల్లా!" అంది కుబ్రా బేగం.

యాకూబ్ చెయ్యి ఎన్నడూ లేనంతగా వణికింది. గొంతు మాత్రం వణకలేదు. తనలో తాను అనుకుంటున్నట్టు, నెమ్మదిగా అన్నాడు.

"వంగిన దిక్కు గుంజ పెట్టు."

రెక్క లేచింది. విమానం మెత్తగా మట్టి మీద జారి, ఆయన పాదాల ముందు ఆగింది.

"వారెవ్వా! చెయ్యి వణికితే ఏంది, ఇమానం వణకలే! ఇగ దుకాణం నీదే సేటూ!" భీమన్న చప్పట్లు కొట్టాడు. ముబషిరా కొట్టలేదు. ఆమె చేతులు ఇంకా బుర్ఖాలోనే ఉన్నాయి.

కుబ్రా బేగం కళ్లు తుడుచుకుని, కాగితం తీసి చింపబోయింది.

"ఆగు," అన్నాడు యాకూబ్. "చింపకు. కలమియ్యి."

"ఎందుకు? గెలిస్తిరి గద!"

"దించుడు చూసినవా? గంత మంచిగ నేను ఎన్నడు దించలే."

"అయితే దుకాణం మీదే గద అబ్బాజాన్!" అంది ముబషిరా. "సంతకం ఎందుకు చేస్తరు?"

ఆయన వెనుదిరిగి కూతురి తల మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి అక్కడ కూడా వణికింది.

కాగితాన్ని విమానం రెక్క మీద పరిచి సంతకం చేశాడు. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. కింద భీమన్న, ఏమీ అర్థం కాక, సాక్షి సంతకం పెట్టాడు.

యాకూబ్ కాగితాన్ని చిన్నగా మడిచి, చేతిలోని రిమోట్‌ను తిరగేసి, వెనుక మూత జరిపి, తెల్లవారగానే తన చేతులతో బ్యాటరీ సెల్లులన్నీ తీసి ఇంట్లోనే వదిలి వచ్చిన ఆ ఖాళీ అరలో దాచాడు.